గాలిమోటరు రెక్కకు కొన తొడిగిన ముచ్చట

కట్టెలు జర లోపటికి నూకుర్రి, పొగ నా దిక్కే వస్తుంది. పుష్యమాసంల ఖానాపూర్ చలంటే మాటలు కాదు. గోదారి మీదికెల్లి గాలి లేసిందంటే పండ్లు టకటక కొట్టుకుంటయ్. అగో చిన్నోడా, మంటకు గంత దగ్గెర కూసోకు, చెద్దరు మీద రవ్వ పడుతది.

ఇయ్యాల ఏం చెప్పాలె? పులి ముచ్చట నిన్ననే ఒడిసిపాయె. కడెం కట్ట తెగిన ముచ్చట చెప్తే పోరగాండ్లకు నిద్ర పట్టదని మీ అవ్వ కొట్లాటకొస్తది. గాలిమోటరు ముచ్చట చెప్తా. మీ కాక అమెరికల షెడ్డు కిరాయికి తీసుకొని సొంతంగ కట్టుకున్న ఇమానం ఫోటో చూసిన్రు గదా, ఇద్దరు పక్కపక్కన కూసునేది? దాని రెండు రెక్కల కొనలు తొడిగింది నేనే. నవ్వకుర్రి. నాలుగో తరగతి దాటని తాత గాలిమోటరు మీద చెయ్యేసిండా అంటున్నవా బిడ్డా? ఏసిన. చెయ్యేసుడే గాదు, ఆడున్న ఇంజినీర్ల కంటె సక్కగ ఏసిన. గొప్పలు చెప్పుకుంటున్నడు అనుకున్నా మంచిదే, ఈ వయసుల చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకోవాలె.

ఈ కత అమెరికల మొదలు కాలె, నిర్మల్ల మొదలైంది. మనం వడ్లోళ్ళం. మా తాత నాగండ్లు, బండ్లు చేసిండు. మా బాపు దర్వాజలు, తలుపులు. చెక్క కొనుడుకు బాపు నిర్మల్ పోయినప్పుడల్లా నేను ఎంబడి పడేది. బాపు బేరం ఆడే లోపట నేను బొమ్మలు చేసే నకాషోళ్ళ వాకిట్ల కూసుండేది. పొనికి చెక్క చూసిన్రా మీరు? చేతిల పెడితే బరువే తెల్వది. దానితోని బొమ్మకు మొండెం వేరు, చేతులు వేరు చెక్కేది. చింతగింజలు ఉడికిచ్చి నూరిన జిగురుల రంపంపొట్టు కలిపి లప్పం చేసేది, దానితోనే అతికేసేది. సందుల్ల గూడ గదే లప్పం. ఎండినంక గీకాలె, నున్నగ చెయ్యాలె, సుద్ద పుయ్యాలె, అప్పుడు రంగు. సంతల జనం రంగు చూసి కొంటరు. నకాషాయన మాత్రం కండ్లు మూసుకొని బొటనేలితోని అతుకు మీద రాసి చూసేటోడు. ఏలికి అతుకు తెలిసిందా, మల్ల మొదటికి. గిది యాదుంచుకోర్రి, ముంగట పనికొస్తది.

ఇమానాలంటరా? ఆదిలాబాద్ల నిజాం జమాననాటి ఏరోడ్రం జాగ ఉండె గని, మేం చూసేనాటికి ఆడ దిగేది కొంగలే. మామునూరుల 1930ల నిజాం కట్టిచ్చిన పెద్ద ఏరోడ్రం గూడ 1981 దాటినంక మూతపడ్డది. మనోళ్ళు దగ్గెర నిలబడి ఇమానం చూసిన్రంటే బసంత్‌నగర్ల. ఆడ బిర్లాల కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నది గదా, దాని కాడ ఒక పట్టీ ఏసిన్రు. 1981ల సర్కారు వాయుదూత్ అని చిన్నూర్లకు తిరిగే ఇమానాల కంపెనీ పెట్టింది. ఆ ఇమానం బసంత్‌నగర్ల దిగేది. రామగుండం కెల్లి, పెద్దపల్లి కెల్లి జనం సద్దులు కట్టుకొని చూడ పోయేటోళ్ళు. వాయుదూతోళ్ళ దగ్గెర డోర్నియర్లు ఉండె, 19 మంది కూసునేటియి. దాని రెక్క కొన సక్కగ కోసినట్టు ఉండది, ఎనకకు వాలి మూలకు మొన తేలి ఉంటది. అందరు పంకలు చూస్తుంటె నేను కొన చూసిన. వడ్లోని కన్ను అతుకు కాడికే పోతది, ఏం చేస్తం. ఆ కొన రెక్కతోని పుట్టిందా, తర్వాత తొడిగిన్రా అని నా మనసుల మెదులుతనే ఉండె.

నేను గప్పటికే దుబాయి దారి పట్టిన్నులే, సుట్టీల మీద వచ్చినప్పుడు చూసిన గది. ఆ కాలంల కరీంనగర్ జిల్లల, ఆదిలాబాద్ జిల్లల ఊరికి పది మంది బొంబాయి రైలెక్కుతుండిరి. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్, ఖానాపూర్, ఎవల ఇంట్ల చూసినా ఒకటే ముచ్చట, పాసుపోర్టు, ఏజెంటు, వీసా. మా బాపు ఎడ్లనమ్మి పైసలిచ్చిండు. కార్పెంటర్ వీసా అన్నరు. దిగినంక తోలుకపోయింది అజ్మాన్ల పడవల కార్ఖానకు. దాని పేరెందుకు గని, మూతికి కట్టుకునే గుడ్డ గూడ సరిగ ఇయ్యని జాగ.

పడవల కార్ఖానల వడ్లోనికి పనేందంటవా? అదే అసలు కిటుకు. అరబ్బులు ఎనకట చెక్క పడవలే వాడేటోళ్ళు. మేం పోయేనాటికి ఫైబరు పడవలు జోరు మీదున్నయ్. ఫైబరు పడవ చెయ్యాల్నంటే ముందుగాల చెక్కతోని నిజం పడవంత బొమ్మ చెయ్యాలె. దాని మీద మైనం రుద్ది అచ్చు తియ్యాలె. ఆ అచ్చుల నుంచి ఎన్ని పడవలంటే అన్ని. చెక్క బొమ్మ నున్నగ లేకపోతే పుట్టిన ప్రతి పడవకు ఆ గుంత వస్తది. అందుకే వడ్లోడు కావాలె. బొమ్మ అయినంక ఖాళీగ కూసోనిస్తరా, ఫైబరు పనిల పెట్టిన్రు. మా మేస్త్రి మలబారీ. తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, ఇద్దరం వచ్చీరాని హిందీల కొట్లాడుకునేది. పని మాత్రం ఆయన చేతుల నుంచే నాకొచ్చింది.

గాజును దారం తీసి, ఆ దారం ముక్కలతోని బొంత చేస్తరు, మ్యాట్ అంటరు. అచ్చుల ముందుగాల జెల్‌కోటు పూసి, అది జిగటగ ఉన్నా ఏలికి రాకుంట గట్టిపడినంక మ్యాట్ పరిచి రెజిను పొయ్యాలె. రెజిను అంటే జిగురు, గని ఒట్టిగ పెడితే జల్ది గడ్డకట్టది. హార్డెనర్ చుక్కలు కలుపాలె, నూటికి ఒకటి రెండు పాళ్ళు. కలిపినంక లోపట్నే ఏడి పుట్టి గట్టిపడుతది. రోలర్ తోని ఒత్తి ఒత్తి గాలి బుడగలు ఎల్లగొట్టాలె. బుడగ మిగిలిందా, గది పుండే. ఎండకు పేలి బొక్క పడుతది. జూన్ల అజ్మాన్ ఎండ మనకు తెలుసు, ఆ ఎండల హార్డెనర్ రెండు పాళ్ళు ఏస్తే బకెట్లనే పొగలు లేసి రాయయితది. అందుకే తెల్లారకముందే పని మొదలు పెట్టి, సగం చుక్కలే కలిపేది. ఆ కొలత ఏ కాయితం మీద లేదు. బకెట్ బయట చెయ్యి పెట్టి ఏడి చూసుకునుడే.

దురద ముచ్చట వేరే చెప్పాలె. కోసినప్పుడు, గీకినప్పుడు గాజు పొడి చర్మంల దిగుతది. కొత్తోళ్ళు ఉడుకు నీళ్ళతోని తానం చేస్తరు, ఇంకింత లోపటికి దిగి రాత్రంతా గోకుడే. చన్నీళ్ళే పొయ్యాలె, రుద్దకుంట. పనికి పోయేముందు ముంజేతులకు పౌడరు దట్టంగ కొట్టుకోవాలె. మీ నాయనమ్మ నేను సుట్టీకి వస్తే నా బట్టలు వేరే బకెట్ల నానబెట్టేది, ఇంట్లోళ్ళందరికి దురద అంటుద్దని.

ఆ కార్ఖానల ఒక సంగతి నాకు నెత్తికెక్కింది. అచ్చు ఒకటే, పీసులు ఒక్క తీరుగ రావు. ఒకడు మ్యాట్ మందంగ ఏస్తడు, ఒకడు పలుచగ. ఒకడు పూర్తిగ ఆరకముందే ఊడబీకుతడు, అది రాత్రికి రాత్రి మెలిక పడుతది. ఆరుడుల కొంచెం ముడుచుకుపోతది గూడ. రేకును మిషను కోస్తే వంద ముక్కలు ఒక్క తీరుగ వస్తయ్. ఫైబరు మనిషి చేతి పని, చెయ్యి ఎవరిదో గది దానిల కనపడుతది.

ఇగ అమెరికకు పోదాం. మీ కాక డల్లాస్ దిక్కు కంపూటర్ల కొలువు చేస్తడు. ఆడ సొంతంగ ఇమానాలు కట్టుకునేటోళ్ళు ఏలల్ల ఉన్నరు. 1953ల పాల్ పొబరెజ్నీ అనే ఆయన ఇసువంటి పిచ్చోళ్ళనందర్ని కూడగట్టి సంగం పెట్టిండట, ఈఏఏ అంటరు. ఏటేటా ఓష్‌కోష్ అనే ఊర్ల వాళ్ళ జాతర. మన సమ్మక్క జాతరకు జనం బండ్ల మీద పోయినట్టు ఆడికి సొంత ఇమానాల మీద వస్తరు. సర్కారు గూడ ఒప్పుకుంటది, షరతొకటే: సగానికి మించి పని కొలువు కోసం గాకుంట నేర్చుకునుడు కోసం, సంబురం కోసం చేసిందని చూపియ్యాలె. ఎక్కే కాడ 'ఎక్స్‌పెరిమెంటల్' అని పెద్ద అక్షరాలు రాయాలె, ఎక్కేటోడు చూసుకొని ఎక్కాలె.

మన దేశంల లేదా అంటవా? ఉన్నది గని తొవ్వ తిప్పలది. ముంబైల అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబా మీదనే ఇమానం కట్టిండు, 2016ల జనానికి చూపిచ్చిండు. రిజిస్ట్రేషన్ కాయితం చేతికొచ్చేసరికి 2017 ఆఖరు. డాబా మీదికెల్లి కిందికి దింపుడే ఒక పెండ్లంత పని అయి ఉంటది.

నేను పోయేసరికి మీ కాక ఇమానం అల్మినియం పని చానమట్టుకు అయిపోయి ఉన్నది. రేకులకు బెజ్జాలన్ని కంపెనీలనే మిషను కొట్టి పంపుతది. రేకు మీద రేకు పెడితే బెజ్జం మీద బెజ్జం కూసుంటది. నడుమ క్లీకోలు పెడుతరు, స్ప్రింగు ఉన్న చిన్న పిన్నులు, వెండి రంగువి ఒక సైజు, రాగి రంగువి ఒక సైజు. రెక్క నిండ క్లీకోలు పెట్టినంక చూడాలె, ముండ్లపంది నిలబడ్డట్టే. అన్ని సక్కగ కూసున్నయ్. రెక్క కొనలు మాత్రం షెడ్డు మూలకు అట్టడబ్బల పడున్నయ్. ఏందిరా గివి అంటే, "బాపూ, గవి ఫైబరువి, రెండు నెలల నుంచి చేతకాక పక్కకు పెట్టిన" అన్నడు. నేను డబ్బ విప్పిన. జెల్‌కోటు వాసన గుప్పున కొట్టింది. అజ్మాన్ మొత్తం ముక్కులకెక్కింది.

వాడు కంపెనీని తిడుతున్నడు, మెలిక పంపిన్రని. నేను దాన్ని బల్ల మీద పెట్టి ఒక కొనను ఒత్తిన, రెండో కొన లేసింది. అవును, మెలిక ఉన్నది. గని తప్పెవలిదీ కాదు కొడుకా, ఇది ఆరకముందే ఊడదీసిన పీసు, రేకు లెక్కన చూస్తే పని కాదు అన్న.

ఆ షెడ్డుకు ఒక ముసలాయన వస్తుండె, ఎప్పుడు ఎర్ర టోపీ పెట్టుకునేది. ఆ సంగం తరఫున కొత్తోళ్ళ పని చూసి సలహా ఇచ్చే పెద్దమనిషి. నాకు ఇంగ్లీషుల వచ్చింది రెజిను, హార్డెనర్, మ్యాట్, రోలర్, నో ప్రాబ్లం. ఆయనకు అవే చాలు. నా ముంజేతుల మీద పాత మచ్చలు చూసి "ఫైబర్‌గ్లాస్?" అన్నడు. "బోట్స్. అజ్మాన్" అన్న. అప్పటిసంది ఆయన నా పక్కకే కూసుండెటోడు. మీ కాక తర్జుమా చేసేది.

ఫైబరు ఇమానాల పురాణమంతా ఆయన దగ్గెర్నే విన్న. బర్ట్ రుటాన్ అని ఒకాయన 1975ల వారీఈజీ అనే చిన్న ఇమానం తెచ్చిండట. అచ్చే లేదు దానికి! నురుగు దిమ్మను ఉడుకు తీగతోని రెక్క ఆకారంల కోసి, మీద గాజుబట్ట, ఎపాక్సీ అనే ఇంకో తీరు రెజిను. ఇంటి షెడ్డుల ఎవలైనా కట్టుకునెతందుకు నక్షాలు అమ్మిండు. బెంగుళూరుల ఇమానాల పరిశోధన చేసే ఎన్ఏఎల్ వాళ్ళు గూడ 1980లల్ల ఆయన నమూనా మీదనే ఒకటి కట్టి ఎగిరేసిన్రు. 1993ల వాళ్ళు ఎగిరేసిన హంస అనే ఇమానం గూడ ఫైబరుదే, రేకుది కాదు.

రుటాన్ చేసినదాన్ల వోయేజర్ ముచ్చట మీరు వినాలె. 1986 డిసెంబరు 14. నడుమ దిగకుంట, పెట్రోలు నింపకుంట భూమి చుట్టు తిరిగి రావాలని బర్ట్ అన్న డిక్ రుటాన్, జీనా యేగర్ అనే ఆమె ఎక్కిన్రు. రెక్కల నిండ పెట్రోలే. ఆ బరువుకు రెక్కలు వంగి, ఉరుకుతున్నప్పుడు కొనలు నేలకు రాసుకుపోయినయ్. కొనలకు నిలువుగ పెట్టిన చిన్న రెక్కలు దెబ్బతిన్నయ్, పైకి లేసినంక ఊడి పడ్డయ్. అయినా దింపలె వాళ్ళు. తొమ్మిది రోజులు ఎగిరి, 23 తారీఖు అదే జాగల దిగిన్రు. కొనల్లేని రెక్కలతోని! అది విన్నప్పుడు మీ కాక మొఖం చూడాలె. "అయితే కొనలు లేకున్నా ఎగురుతదిగా, నాకెందుకీ తిప్పలు" అన్నడు. ఎర్ర టోపీ ఆయన పడిపడి నవ్విండు.

ఆ రుటాన్ వారసత్వం ఏడ దాకా పోయిందంటే, 2004ల ఆయన స్పేస్‌షిప్‌వన్ ఆకాశం దాటి పోయి వచ్చింది. ఆ వంశంల పుట్టిన యూనిటీ అనే బండ్ల 2021 జులైల మన తెలుగు పిల్ల శిరీష బండ్ల అంతరిక్షం అంచు చూసొచ్చింది. అదీ ఫైబరు వంటి దినుసులతోని చేసిందే, అల్మినియం డబ్బ కాదు. నువ్వు ఊఁ కొట్టుడు కాదు బిడ్డా, మంచిగ చదువు.

కొన ఎందుకు అని నేను గూడ అడిగిన. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, మీద తక్కువ. గందుకే గాలిమోటరు లేస్తది. రెక్క ఒడిసే కాడ అడ్డం ఉండది గదా, కింది గాలి మీదికి ఎగబాకి సుడి తిరుగుతది. ఆ సుడి ఇమానాన్ని ఎనకకు గుంజుతది. కొనను సక్కని ఆకారంల తీరిస్తే గుంజుడు జర తగ్గుతది. ఇంకో సంగతి, దీపాలు ఆ కొనలనే ఉంటయ్, ఎడమకు ఎర్రది, కుడికి పచ్చది. రేడియో గూడ. అల్మినియం రేకు రేడియో అలలను అడ్డుకుంటది, గాజు ఫైబరు అడ్డుకోది. అందుకని రాగి పట్టీతోని చేసిన యాంటెన్నాను కొన లోపట్నే అతికేస్తరు, బయటికి పుల్ల గూడ కనపడది. ఏ మోతుబరి ఇంట్ల దాచిపెట్టినా గట్ల దాగది.

ఇగ తొడుగుడు. రెక్క ఆఖరు రేకు పక్కటెముక దాటి జర బయటికి ఉంటది. కొనకు లోపటి దిక్కు మెట్టు తీసిన అంచు ఉంటది, అది రేకు కిందికి దూరాలె. రేకుకు బెజ్జాలున్నయ్, ఫైబరుకు లెవ్వు. దూరిస్తే దూరలె. అంచు ఒక దిక్కు మందం, ఒక దిక్కు పలుచన. మీ కాక గ్రైండరు తీసిండు. నేను గుంజుకున్న. గ్రైండరు పెడితే రెప్పపాటుల రెండు నూళ్ళ మందం పోతది, మల్ల రాదు. 80 నంబరు గీకుడు కాయితాన్ని చెక్కకు చుట్టి, నెమ్మదిగ రాసుడు, దూరిచ్చి చూసుడు, తీసుడు, మల్ల రాసుడు. ఏడ తగులుతుందో తెలిసెటందుకు రేకు లోపటి అంచుకు పెన్సిలు బొగ్గు రాసిన. తొడిగి తీస్తే తగిలే కాడ నల్లమచ్చ పడుతది, గక్కడనే గీకాలె. మా బాపు దర్వాజల తలుపు కూసోవెట్టినప్పుడు గిదే చేసేది, బొగ్గు బదులు గేరు రంగు, గంతే.

దూరింది. అయినా అసలు తిప్పల ఎనక దిక్కున్నది. రెక్క ఎనక అంచుల కదిలే తలుపు ఉంటది, ఐలరాను అంటరు, అదే ఇమానాన్ని పక్కలకు ఒంచేది. దాన్ని నడిమిట్ల కదలకుంట బిగిచ్చి చూస్తే, కొన ఎనక అంచు దానికంటె కిందికి వాలి ఉన్నది, ఏలు మందం. ఎనక నుంచి చూస్తే ఇమానం మూతి వంకర పెట్టినట్టే కనపడ్డది. బలవంతంగ పైకి ఒత్తి స్క్రూలు బిగియ్యొచ్చు, మొదట్ల నిలబడుతది, ఎండకు ఎండకు స్క్రూ బొక్కల కాడ పగులుతది.

నేను హాక్సా బ్లేడు తెమ్మన్న. కొన ఎనక అంచును, మీది పొర కింది పొర కలిసే కాడ, పొడుగుతా చీరిన. మీ కాక మొఖం తెల్లబడ్డది. ఎర్ర టోపీ ఆయన మాత్రం తలకాయ ఊపిండు. చీరినంక మీది పొరకు కింది పొరకు సంబంధం తెగింది, మెలిక దానంతట అదే సడలింది. రెండు సక్కని చెక్క పట్టీలు, గవి సక్కగున్నయో లేవో ఒక కన్ను మూసి చూసి ఏరుకున్న. ఆ పట్టీలకు పార్సిల్ టేపు చుట్టిన, టేపుకు ఎపాక్సీ అంటుకోది. ఐలరాను అంచుకు గీత కలిసేటట్టు మీదొకటి కిందొకటి పెట్టి క్లాంపులు బిగిచ్చినం. చీరిన సందు లోపట గరుకు కాయితంతోని రాసి, ఎపాక్సీల దూదిపొడి కలిపిన ముద్దను కూరినం.

ఆడ ఒక కొత్త సంగతి నేర్చుకున్న. మన పాలిస్టర్ రెజినుకు ఎండను బట్టి చుక్కలు తగ్గిస్తం పెంచుతం. ఎపాక్సీకి గట్ల నడువది. డబ్బ మీద రాసిన పాళ్ళు రాసినట్టే కలుపాలె; ఎక్కువేస్తే జల్ది గట్టిపడది, సరిగ గట్టిపడకుంటనే పోతది. తరాజు మీద పెట్టి తూచినం. ఇంకోటి, పాలిస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటది గని, ఎపాక్సీ మీద పాలిస్టర్ సక్కగ పట్టుకోది. అందుకే నా పాత అలవాటు ఆ ఇంట పనికి రాలె.

తెల్లారి క్లాంపులు తీసినం. గీత గీత కలిసింది. ఇగ బెజ్జాలు. ముక్కు దిక్కు నుంచి మొదలు పెట్టి, మీదొకటి కిందొకటి, రేకు బెజ్జంల నుంచి ఫైబరుల డ్రిల్లు దింపుడు, క్లీకో పెట్టుడు, ముంగటికి పోవుడు. ఒక్క దిక్కే వరసగ కొట్టుకుంట పోతే కొన ఆ దిక్కుకే గుంజుకపోతది. ఫైబరు డ్రిల్లు పదును తింటది, మొద్దు బిట్టుతోని ఒత్తితే ఎనక పొర చిట్లుతది. లోపట చెక్కముక్క ఆనిచ్చి కొట్టినం. తర్వాత అంచు లోపట అల్మినియం పట్టీ, దానికి నట్లు. రివిట్లు ఏసి ఎల్లకాలానికి మూసేసేటోళ్ళు ఉన్నరట, నేను వద్దన్న. లోపట దీపాల తీగలున్నయ్, యాంటెన్నా ఉన్నది, ఎన్నడైనా విప్పాల్సిందే. స్క్రూలే పెట్టినం.

కొనకు ఐలరానుకు నడుమ సందు ఎంత ఉండాలె అనే కాడ తండ్రికొడుకులం కొట్లాడినం. వాడు అందానికి సన్నగ ఉండాలంటడు. నేను రంగు ఇంకా పడాలె, ఎండకు ఫైబరు సాగుతది, సందు తక్కువైతే ఐలరాను పట్టుకుంటది అన్న. గాలిల ఐలరాను పట్టుకుంటే ఏమయితదో నీకు తెల్వదా అన్న. ఎర్ర టోపీ ఆయన జేబుల నుంచి పావు అంగుళం డ్రిల్లు బిట్టు తీసి సందుల పెట్టి, ఇది ఆడాలె అన్నడు. తీర్పు అయిపాయె.

ఆఖరుకు లప్పం. జెల్‌కోటు చూపుకు నున్నగనే ఉంటది, గీకితే సూది మొనంత బొక్కలు వందలు బయటపడుతయ్. రంగు కొడితే రంగంతా ఆ బొక్కల్లకు దిగి మచ్చలు తేలుతయ్. ఎపాక్సీల గాజు బుడగల పొడి కలిపితే లప్పం అయితది. పొడి ఎంత తేలికంటే డబ్బ మూత తీస్తే గాలికే లేస్తది. సన్నని రేకుతోని బొక్కల్లకు ఒత్తి, మిగిలింది గీకేసుడు. ఎక్కువ పెడితే రెక్క చివర బరువు, రెండు కొనలను తరాజుల పెట్టి సరిచూసినం. ఐలరాను మీద మాత్రం చిటికెడు గూడ రాయనియ్యలె ఎర్ర టోపీ ఆయన. దాని తూకం తప్పితే గాలిల గడగడ వణికి రెక్కనే ఇరగ్గొడుతదట. ఆరినంక పలుచగ నల్లరంగు చల్లి, చెక్కకు చుట్టిన కాయితంతోని గీకితే గుంతలున్న కాడ నలుపు మిగులుతది. మల్ల లప్పం, మల్ల గీకుడు, 120 నంబరు, 220, 320. ఆఖరు పూట కండ్లు మూసుకొని బొటనేలితోని అతుకు మీద రాసిన, రేకు ఏడ ఒడిసింది, కొన ఏడ మొదలైంది అని. ఎర్ర టోపీ ఆయన గూడ కండ్లు మూసి రాసి చూసిండు. నిర్మల్ నకాషాయన ముచ్చట మీ కాకతోని ఆయనకు చెప్పిచ్చిన. చింతగింజలు అంటే ఏందో చెప్పుడే కష్టమైంది, ఆఖరుకు ఇండియన్ దుకాణం నుంచి చింతపండు తెప్పిచ్చి చూపిచ్చినం. నోట్ల ఏసుకొని మొఖం మాడ్చుకున్నడు.

సర్కారు మనిషి వచ్చి కాయితాలు చూసిండు, రెక్కలు చూసిండు, సంతకం పెట్టిండు. మొదటి గంటలల్ల ఊకె సవారీకి ఎవలనూ ఎక్కించొద్దని కాయిదా. ఆ గంటలు ఒడిసినంక మీ కాక నన్ను ఎక్కిచ్చుకున్నడు. మీ నాయనమ్మ ఫోన్ల ఏడ్సింది. నేను కిటికీల నుంచి ఊర్లు చూడలె, కొనే చూసిన, స్క్రూలు ఒక్కటన్నా కదులుతుందా అని. పైకి లేసినంక రెక్క కొంచెం మీదికి వంగుతది, కొన రేకు ఒక్కతీరుగ వంగినయ్. గప్పుడు కిందికి చూసిన.

ఏడాదికోసారి ఇమానాన్ని విప్పి చూసుడు అక్కడి కాయిదా, గప్పుడు కొనలు గూడ ఊడదీస్తడు. పోయిన నెల ఫోన్ చేసి, "బాపూ, ఎడమ కొనకు మూడో స్క్రూ చుట్టు సన్నగ పగుళ్ళు లేసినయ్, సాలెపురుగు గూడు తీరుగ, కొన పాడైనట్టేనా" అన్నడు.

"పాడు కాలె, జెల్‌కోటు పగిలింది, గంతే. స్క్రూ ఎవడు బిగిచ్చిండు?"

"నేనే."

"డ్రిల్లు మిషనుతోనా?"

సప్పుడు లేదు.

"చేతి స్క్రూడ్రైవర్ తోని బిగియ్యి. బొక్క చుట్టు పగిలినకాడికి గీకి ఎపాక్సీ రాయి. స్క్రూ కింద గిన్నె వాషర్ ఏసి, ఆనగానే ఆపు. ఇంకా బిగిస్తే నీ ఇష్టం" అన్న.